ఈసారి

ముప్పయ్యో తారీఖుకు దుకాణం మూస్తున్నమని
నా ఫోన్‌ల నోట్సు యాప్ చెప్పింది.
ఎవరిదా దుకాణం, ఏడుంటదని
పదకొండేండ్లల్ల ఒక్కనాడన్న అడిగిన్నా?
రాసుకున్న, అంతే.

జనరల్ బజార్ గల్లీల నాది ఏడడుగుల జాగ.
కుట్టుమిషన్లు బాగుచేస్త.
నూనె చేతులకు కాగితం ఆగదు,
రసీదు బుక్కులన్నీ
నా బనీను రంగుకే తిరిగినయ్.
అందుకే ఫోన్‌ల పెట్టిన:
లాలాపేట భాగ్యమ్మ, పీకో మిషన్, సూది పదహారు.
బోయిన్‌పల్లి స్టీవెన్ సారు, షటిల్ అరిగింది, ఒప్పుకోడు.
తార్నాక హాస్టల్, మూడు మిషన్లు, బాకీ మూడొందల నలభై.
ఇంకోటి, ఎవరింటిదో తెల్వదు:
గడప కాడ పిల్లి పండుకుంటది, తలుపు మెల్లగ తియ్యి.

పక్క మొబైల్ షాపు మల్లీశ్వరి
నా ఛాయ్ చల్లారకముందే పనైపోయిందన్నది.
రెండువేల మూడొందల పన్నెండు నోట్సు
ఒక సంచిలకెళ్లి ఇంకో సంచిల గుమ్మరిచ్చింది.

ఇంటికి పోయి చూస్తే వత్తులు ఊడినయ్.
భాగ్యమ్మ పోయి భాగ్‌యమ్‌మ అయింది,
పండ్లూడిన ముసలామె పిలిచినట్టు.
మెట్టుగూడల కరెంటు పోయింది.
డాబా మీద కూసొని
జాకెట్టుకు హుక్కులు కుట్టినట్టు
ఒక్కొక్క వత్తు మళ్ల కుట్టిన.
నలభై దాక కుట్టి కండ్లు గుంజి ఆపేసిన.

వత్తులదేముంది,
తారీఖులు పోయినయ్.
ప్రతిదాని నెత్తిన మంగళవారమే.
లాక్‌డౌన్‌ల మాస్కులకు రాత్రంత తిరిగిన మిషన్లు,
మా నాయన దవాఖాన టోకెన్ నంబరు,
నిన్న కొన్న డజను బెల్టులు,
అన్ని ఆ ఒక్క మంగళవారం నాడే జరిగినయట.
ఒక్కరోజుల గంత పని చేసెటోన్నైతే
ఈపాటికి నాకో మేడ ఉండకపోవునా.

కిందికి జరుపుతుంటే తగిలింది:
తలాబ్‌కట్ట హలీమా ఆపా. చేతిమిషన్.
ఈసారి పైసలు అడగొద్దు.

ఏ సారి?
ఎవరన్న పోయిన్రా, ఎవలదన్న పెండ్లా,
వానలకు ఇంట్ల నీళ్లు జొచ్చిన ఏడా?
పాతదాంట్ల తారీఖు ఉంటుండె,
దాన్ని చూస్తే కారణం దానంతటదే యాదికొచ్చేది.
ఇప్పుడు ఈసారి అన్న మాటొక్కటే
కిందిదారం పడని కుట్టు లెక్క
పైన పైన పోతున్నది.
కొట్టేద్దామని వేలు పెట్టిన.
నిజంగానా, అని అడిగింది ఫోను.
జేబుల వేసుకున్న.

బేస్తవారం ఆపా రానే వచ్చింది.
ఆటోల, ఒడిల మిషన్ వెట్టుకొని.
చక్రం తిరుగుతలేదు, పన్ను ఇరిగింది.
గంటన్నర పట్టింది.
సామానుకే రెండొందల ముప్పై.
కిత్నా హువా బేటా, అన్నది బటువ ఇప్పుకుంట.

నూనె వేలితోని ఫోన్ తెరిచిన.
ఈసారి, అని ఉన్నది.
మంగళవారం, అని ఉన్నది.

ఈసారి వద్దు ఆపా, అన్న.

బటువ మూయలేదు ఆమె.
నా మొఖం దిక్కు చూసి
పిఛ్లే బార్ భీ యహీచ్ బోలే నా, అన్నది.

అన్ననేమో.
ఆటోవాడు హారన్ కొడుతున్నడు.
మిషన్ ఎత్తి సీటు మీద పెట్టిన,
చక్రానికి గుడ్డ చుట్టి.