మంగు కాయ

ఫోన్ల రాసి పెట్టిన:
మీసం ఉండాలె. గొంతు బరువుండాలె.
నడుము తిప్పుకుంట నడిచేటోళ్లు మెసేజ్ పెట్టొద్దు.
ఊరు నల్లగొండ. ఫోటో మెడ కిందికెల్లి.

పొద్దుగాల బత్తాయి మార్కెట్ల నాది ఏరుడు పని.
కుప్ప ముందల కూసొని
చేతికి తాకంగనే చెప్త,
ఏది ఢిల్లీ లారీ ఎక్కుతది, ఏది జ్యూసు బండికి పోతది.
తొక్కకు మంగు పట్టిన కాయ పక్కకు.
దానికి సగం రేటు.
తీపి దాంట్లనే ఎక్కువని రైతులందరికీ ఎర్కే,
ఇంటికాడి పిల్లలకు దాన్నే తీస్కపోతరు.

మీసమంటే నాకు పాణం, అబద్ధమెందుకు.
హమాలి ముత్తిలింగం డబ్బా భుజానికెత్తుతుంటె
నేను లెక్క తప్పుత, మళ్ల ఒకటికాంచి ఎంచుత.
గడ్డం గరుకు, చెమటల కలిసిన బీడీ వాసన.
గది నాకెవలు నేర్పలే.

రెండో మాట మాత్రం నేర్పిండ్రు.
ఆరో తరగతిల
చేతులు తిప్పుకుంట మాట్లాడిన్నని
మా నాయిన చేతుల తుమ్మబరిగె ఇరిగింది.
అప్పటిసంది మొగోళ్ల నడక చూసి చూసి నేర్చిన,
సైకిల్ నేర్చినట్టు,
ఇప్పటికీ మలుపు కాడ కాలు నేలకానుతది.
రెండు మీసాలు ఒక్క బండి మీద
పానగల్లు దిక్కు పోతే
ఎవలూ మర్రి చూడరు. గదీ లెక్క.

తిప్పర్తి నుంచి జానకిరాములొచ్చిండు.
పేర్లనే ఇద్దరున్నరు మనిషికి.
సన్నటి గొంతు. నవ్వొస్తే చెయ్యి నోటికి అడ్డం.
హోటల్ల నేను కుర్చీ జరుపుకున్న,
జానెడంత.
చూసిండు. సాసర్ల చాయ్ పోసుకొని ఊదిండు.

"నేను రాసింది సదవలేదా?"
"సదివే వచ్చిన."
"మరెందుకొచ్చినవ్?"
"గింత భయపడేటోడు ఎట్లుంటడో సూద్దామని."

పైసలు తనే ఇచ్చిండు.
గడియారం సెంటర్ల సాయంత్రం ఆరు,
ఆటోలు, పోలీసాయన, మిర్చి బండి, కాలేజీ పోరగాండ్లు,
అందరి నడుమలకెల్లి
తన నడకనే నడుచుకుంట పోయిండు.
ఎవడో ఈలేసిండు.
అడుగు మార్చలే.

నేను మీసం దువ్వుకుంట నిలబడ్డ.
చెయ్యి అలవాటు అది.

రాత్రి ఫోన్ తీసిన.
మీసం మాట ఉంచిన, అది నిజం.
నడుము మాట మీద వేలు పెట్టి
చానసేపు కూసున్న.
తెర ఆరిపోయింది, మళ్ల ఎలిగిచ్చిన.
జేబుల మంగు కాయ ఉండె,
ఎప్పుడేసుకున్ననో.
ఇంక ఒలువలే.