గడియారం వెనుక లెక్క

మా నియోజకవర్గం ఇప్పుడు లేదు.
పాలోళ్లు పొలం పంచుకున్నట్టు
వాగు ఇవతలి ఊర్లు ఒక సీటుకు,
అవతలివి ఇంకో సీటుకు పోయినయి.

ఓదెలు తాత గోడగడియారం వెనుక
పెన్సిల్ లెక్క మాత్రం ఉన్నది.
డెబ్బై ఎనిమిది: పద్దెనిమిది వందల మెజార్టీ.
ఎనభై మూడు: గెలిచినాయన మళ్ల మొఖం సూపియ్యలే.
ఎనభై తొమ్మిది: మనోడు ఓడింది నలభై మూడు ఓట్లతోని.
దానికింద రెండు గీతలు.

ఆ యేడు మా మగ్గాల వాడకట్టు నుంచి
కాజీపేటల రైలెక్కి సూరత్ పోయినోళ్లు
నలభై ఏడుగురు.
అందరి పేర్లూ రాసిండు తాత.
కొడుకు పేరు రాసి, కొట్టేసి,
మళ్ల రాసిండు.

మొన్న సున్నమేసే కొమురయ్య
గడియారం దించి అడిగిండు,
"గీ గీతలు కొట్టెయ్యాల్నా?"

"సుట్టూ ఎయ్యి.
దాని జోలికి పోకు."