ఋణమూలం

కొరుక్కుపేట మా వీధికి
రోజు విడిచి రోజు వస్తుంది తణ్ణి లారీ.
వస్తే తెల్లారుజామున,
లేదంటే సరిగ్గా నా ట్యూషన్ నడుమ.

ఆ సాయంత్రం పుష్కల
నోటుపుస్తకం మూయకుండానే లేచింది.
బోర్డు మీద నిలువు గీతకి కుడిపక్కన మాత్రమే
నేను గీసిన పరావలయం
అలాగే ఉండిపోయింది, సగం ఒళ్లుతో.

వీధిలో కుడాల వరస.
లారీ వెనక గొట్టం కాస్త పైకి వంగి ఉంది.
వాల్వు తిప్పగానే నీళ్లు
ఎగిరి, ఒక్క క్షణం తటపటాయించి, పడ్డాయి.
పడ్డచోట కుడం లేదు.
ఎనిమిది మంది ఒకేసారి తిట్టారు, రెండు భాషల్లో.

పుష్కల తిట్టలేదు.
చేతిలో అడుగు స్కేలు ఉంది.
గొట్టం మూతి నేలకి మూడడుగులు.
"ఇది వై అంతరఖండం సార్,
ఎక్స్ సున్నా అయితే మిగిలేది ఇదే."
అడుగు దూరం పోయేసరికి ధార నాలుగడుగులెక్కి
అక్కణ్ణించి దిగుతోంది.
ట్యాంకు మీది దుమ్ములో వేలితో రాసింది:
మైనస్ ఎక్స్ స్క్వేర్, ప్లస్ రెండు ఎక్స్, ప్లస్ మూడు.
పక్కన సున్నా పెట్టింది.
నేల అంటే సున్నాయే కదా.
రెండు బ్రాకెట్లుగా విడిపోయింది లెక్క.

మూడు.
సరిగ్గా మూడడుగుల దగ్గర
వాళ్లమ్మ నీలం కుడం దించింది.
ఒక్క చుక్క పక్కకి పోలేదు.
ఇరవై రెండేళ్లుగా చెబుతున్న పాఠం
నీళ్లు పట్టడం
నేనదే మొదటిసారి చూడటం.

రెండో మూలం మైనస్ ఒకటి.
"దూరం ఋణం కాదమ్మా, కొట్టెయ్యి" అన్నాను.
ఏటేటా అనే మాటే.
కొట్టేసినందుకు అరమార్కు కూడా ఉంటుంది.

"అబద్ధమైతే కొట్టేద్దును సార్.
ఈ నీళ్లు నేల మీంచే లేచొచ్చి ఉంటే
అక్కణ్ణించి లేచేవి, అంతే కదా"
అంటూ వంగి చూసింది.

గొట్టం మూతికి అడుగు వెనక,
లారీ కింద, చీకట్లో,
తుప్పు పట్టిన అతుకులోంచి
బొట్టూ బొట్టూ కారుతోంది.

సమీకరణానికి ఆ అతుకు సంగతి తెలీదు.
కాకతాళీయం అని చెప్పాల్సినవాణ్ణి నేనే.
చెప్పలేదు.
ఆ పిల్ల వెళ్లి చెంబు తెచ్చి పెట్టింది.

లారీ కదిలేసరికి అది ముప్పాతిక నిండింది.

లోపలికొచ్చి సుద్దముక్క తీసుకున్నాను.
గీతకి ఎడమవైపు మిగిలిన వంపుని
నేల తాకేదాకా గీశాను.