సున్నా బైట్లు

విట్బీ రేవులో, చేపల మార్కెట్ వెనక సందులో
తాళ్ళూ లంగర్లూ అమ్మే కొట్టు.
క్లిఫర్డ్ వెరిల్ ఫోన్లో చెప్పింది ఒకటే మాట:
"పొద్దున్నే లేస్తుంది, కానీ ఏదో మరిచిపోయి లేస్తుంది."
ఏడేళ్ళుగా ఈ తీరమంతా మిషన్లు బాగుచేస్తున్నాను,
రోగాన్ని ఇంత సరిగ్గా చెప్పినవాళ్ళు లేరు.

గల్లాపెట్టె పక్కన, ఉప్పుగాలికి మచ్చలు తేలిన డబ్బా.
మీట నొక్కితే ఫ్యాను రెండుసార్లు దగ్గింది.
తెరుచుకున్నప్పుడల్లా అది తన రిజిస్ట్రీకి నకలు తీసుకోవాలి.
ప్రింటరు ఎక్కడుందో, ఏ తలుపు ఎవరికి తెరవాలో,
తనెవరో తనకు చెప్పే చిట్టా అది.
షెడ్యూలరు చూశాను.
నిన్న, పూర్తయింది. మొన్న, పూర్తయింది.
ఒక్క ఎర్ర గుర్తూ లేదు.
ఫోల్డరు తెరిచాను.
అయిదు ఫైళ్ళు, పేర్లతో, తేదీలతో,
బంతిలో వేసి వడ్డించడం మరిచిన విస్తళ్ళలా.
ఒక్కోదాని బరువు సున్నా.

తాళం వేశారు, గొళ్ళెం పెట్టలేదు, అంటారు మావైపు.
దాన్ని ఇంగ్లీషులో చెప్పలేక "అబద్ధమాడుతోంది" అన్నాను.
"అబద్ధం కాదులే," అన్నాడు వెరిల్,
"చేశాననే అనుకుంటోంది, పాపం."

మొదట యాంటీవైరస్‌ను అనుమానించాను, తర్వాత డిస్కును,
తర్వాత, అలవాటు కొద్దీ, అతని మేనల్లుణ్ణి.
ఎవరూ కాదు. ఎప్పుడో ఓ అప్‌డేటు వచ్చి
చోటు మిగల్చడానికని నకళ్ళు ఆపేసి
పేర్లు మాత్రం ఉండనిచ్చింది.
ఒక్క గడిలో ఒక్క అంకె వెయ్యాలి: ఒకటి.
అంతే మందు. వేసి, రీస్టార్ట్ నొక్కాను.

తెరమీద చుక్కలు గుండ్రంగా తిరుగుతుంటే
ఊసుపోక అతని లెడ్జరు తిప్పాను.
రోజూ కొట్టు తెరవగానే
గోడమీది బారోమీటరును వేలితో తట్టి రాస్తాడట:
గాలి, పోటు, సముద్రంమీది పొగమంచు.
ఫిబ్రవరి పందొమ్మిది నుంచి తేదీలే ఉన్నాయి.
పక్క గళ్ళు ఖాళీ. పేజీ తర్వాత పేజీ,
ప్రతి తేదీ కింద స్కేలు పెట్టి గీత కూడా కొట్టి.
ఏప్రిల్లో ఓ మంగళవారం మళ్ళీ మొదలు:
"వాయవ్యపు గాలి. చినుకులు."

నేనేమీ అడగలేదు.
"కొట్టు మాత్రం ఒక్కరోజూ ముయ్యలేదు," అన్నాడు
కెటిల్‌తో చెబుతున్నట్టు.

మిషన్ లేచింది. ఫోల్డర్లో మొదటి ఫైలు
పదిహేడు మెగాబైట్లు. దాని కిందది డెబ్బయ్యారు.
"మరి పాతవి?"
"పాతవి రావు."
తలూపి, స్కేలు తీసి, పోటు పక్కన కొత్త గడి గీసి
దాన్లో రాసుకున్నాడు: డెబ్బయ్యారు.

ముప్ఫయి పౌండ్లూ, కాగితంలో చుట్టిన
పొగబెట్టిన హెర్రింగులు రెండూ ఇచ్చాడు.
స్కార్‌బరో దాకా బస్సులో
నా పక్కన ఎవరూ కూర్చోలేదు.