రెండు చుక్కలు

పెకోస్ రోడ్డు పక్కన లారీలు నిద్రపోయే కంకర మైదానంలో
తెల్లవారుజామున నాలుగింటికి మా పంపు దగ్గడం మొదలుపెడుతుంది.
ట్రెయిలరు మీద వెయ్యి లీటర్ల తెల్ల ట్యాంకు,
దాని వెనక తుప్పుపట్టిన బర్నరు, గొట్టం చుట్టిన రాట్నం.
తెల్లముక్కు, ఆకుపచ్చముక్కు, పసుపుముక్కు,
ఒక్కోదానికీ ఒక్కో కోణం.
ఎర్రముక్కు మాత్రం హెర్మీనియా నా చేతికివ్వదు.
"అది పెయింటుని కూడా మురికే అనుకుంటుంది" అంటుంది.

ముందు పుల్లటి మందు, దాని మీద క్షారపు మందు.
ఒకదాని కోపం ఒకటి తీర్చి
రెండూ చల్లబడి నురగై కిందికి జారతాయి.
కింద నల్లరబ్బరు పట్టా, అంచులు పైకి మడిచి.
ఒక్క చారిక వాననీటి కాలవలోకి పోయినా
నగరంవాళ్ళు రాసే చలానా మా నెల సంపాదన.
అందుకే కడిగిన నీళ్ళని మళ్ళీ పీల్చి
నీలం డ్రమ్ముకి అప్పజెబుతాం.

ఆ ఆగస్టులో డెల్మర్ స్ట్రౌడ్ తన నల్లలారీ తెచ్చాడు.
ఎడ్లని మోసే బండి. పేడ, మిడతలు, నాలుగు రాష్ట్రాల దుమ్ము.
రెండు గంటలు కడిగాం.
తడిగా ఉన్నంతసేపూ దాని తలుపులో
నా పళ్ళు నేనే లెక్కపెట్టుకోవచ్చు.
ఆరాక చూస్తే
ఒళ్ళంతా తెల్లచుక్కలు, ఆటలమ్మ పోసినట్టు.

"డబ్బులివ్వను" అన్నాడు.
నేను నీళ్ళు నమిలాను.
సబ్బు ఎక్కువైందేమో అన్నాను, ఎండ ఎక్కువైందేమో అన్నాను.
హెర్మీనియా ఏమీ అనలేదు.

ఆ నెలంతా సబ్బులు మార్చింది, బ్రష్షులు పారేసింది,
పంపు విప్పి మళ్ళీ బిగించింది.
ఒక రాత్రి కాఫీ కెటిల్ బోర్లించి
లోపలి పొరని గోటితో గీకి
బల్బుకి ఎదురుగా పెట్టి చూసింది.
"ఇది మురికి కాదు, ఎలీసెయో. నీళ్ళే."

ఇక్కడి బోరు నీళ్ళు సున్నపురాళ్ళు తిని పెరిగాయి.
బళ్ళో వాటిని కఠినజలం అన్నప్పుడు నవ్వుకున్నాను,
ఆ మాట మనుషులకే వాడతారనుకుని.

ఆమె జీను అమ్మేసింది.
పీపాల చుట్టూ గుర్రం తిప్పి పందెంలో గెలిచిన జీను,
పంతొమ్మిదేళ్ళప్పటిది.
ఆ డబ్బుతో నా నడుమెత్తు సిలిండర్లు రెండు వచ్చాయి,
లోపల తేనెరంగు పూసలు, చేపగుడ్లంత.
వాటి గుండా దూరి వచ్చిన నీళ్ళలో మీటరు ముంచితే
వెయ్యీ మూడొందలు చూపించే అంకె
సున్నా దగ్గర తెల్లమొహం వేసింది.
ఆ నీళ్ళు ఆఖరి కడుగుకే,
పిసినారి ఇంట్లో నెయ్యి వడ్డించినట్టు.

అక్టోబరులో డెల్మర్ డీజిలుకి ఆగాడు, మా కోసం కాదు.
హెర్మీనియా ఎదురెళ్ళింది.
"బాకీ అడగను. పావుగంట నిలబడు."
అతని బానెట్ మీద రెండు చుక్కలు వేసింది,
ఒకటి బోరుది, ఒకటి పూసలు దాటింది.
రెండూ ఒకేలా వణికాయి, ఒకే ఆకాశాన్ని మోశాయి.
ముగ్గురం కాళ్ళు మార్చుకుంటూ నిలబడ్డాం.
వెనకాల ఎవరో హారను కొట్టారు, మేం కదల్లేదు.

ఒకటి వెళ్తూ వెళ్తూ
తన హద్దు సుద్దతో గీసిపోయింది.
రెండోది ఎక్కడ పడిందో
నాకే గుర్తులేదు.

డెల్మర్ ఆ ఖాళీని వేలితో తడిమాడు,
రెండోసారి తడిమాడు.
పాతబాకీలో సగం తీసి ఆమె చేతిలో పెట్టాడు.
మిగతా సగం ఇంతవరకూ ఇవ్వలేదు,
దానికి ఆమె నీళ్ళొదిలేసిందనుకుంటాను.
బండి మాత్రం నెలకి రెండుసార్లు తెస్తాడు.

ఒక మధ్యాహ్నం దాహమేసి ఆ నీళ్ళు తాగాను.
నాలుక ఏదో అడిగింది, జవాబు రాలేదు.
హెర్మీనియా నవ్వింది.
"అవి ఉండడానికి వచ్చినవి కావురా,
వెళ్ళిపోవడం నేర్చుకున్నవి."

నిన్న మీటరు నాలుగు చూపించింది.
ఈ పొద్దున తొమ్మిది.
పూసలు అలిసిపోతున్నాయి.
నోటుబుక్కులో తేదీ వేసి రాసుకుని
పంపు తాడు లాగాను.
దగ్గింది.