పసుపు దీపం

సిన్సినాటి అప్పీళ్ల కోర్టులో
దీపాలు నా చేతి కింద ఉంటాయి.
పచ్చది వెలిగితే మాట్లాడొచ్చు.
పసుపు వెలిగితే ఇంక రెండే నిమిషాలు.
ఎరుపు వెలిగితే
వాక్యం నడుమ ఉన్నా సరే, ఆగాలి.
పంతొమ్మిదేళ్లుగా ఇదే ఉద్యోగం,
మాటకు కొలపాత్ర పట్టుకుని కూర్చోవడం.

ఇక్కడికి సాక్షులు రారు.
బోను లేదు, జ్యూరీ లేదు,
నెత్తురంటిన చొక్కాను ఎత్తి చూపే చెయ్యి లేదు.
అదంతా కింది కోర్టులోనే తీరిపోయింది.
ఇక్కడికి మనిషి రాడు,
మనిషి కాగితమై వస్తాడు,
పదమూడు వేల మాటలు మించకుండా.

మార్చి, మంగళవారం, మూడో కేసు.
డ్యూయీ స్టంబో, కెంటకీ కొండల్లో జైలు.
ఏ నేరమో ఆ పూట ఎవరికీ పట్టలేదు.
పట్టింది ఒక్క రోజు.
గడువు ముప్పై రోజులు,
అతని అప్పీలు మీద ముద్ర ముప్పై ఒకటోది.
"ముందురోజే చేతిలో పట్టుకు నిలబడ్డాను,
తీసుకోడానికి గార్డు రాలేదు" అని
పెన్సిలుతో రాశాడు, గీత దాటకుండా,
గార్డు అన్న మాటను ప్రతిసారీ
ఒకేలా తప్పుగా.

బల్ల మీద ముగ్గురు.
నడుమ కాచ్‌మారెక్, రెండు జతల కళ్లద్దాలావిడ.
ఎడమన ప్రూయిట్,
ప్రశ్న వేసే ముందు పెన్నుకు మూత పెడతాడు.
కుడివైపు ఆస్ట్రాండర్, ఎనభై నాలుగేళ్లు.
పని తగ్గించుకోవచ్చన్నారు, తగ్గించుకోలేదు.
గౌను కింద ఉన్ని స్వెటరు, మోచేతి దగ్గర రఫూ,
ఒకసారి లిఫ్టులో చూశాను.

ఎదుట నెల్ హాథర్లీ,
కోర్టు ఇచ్చిన లాయరు, కొత్త బూట్లు.
గ్లాసులో నీళ్లు పోసినవి పోసినట్టే ఉన్నాయి.
ప్రూయిట్ మూత పెట్టాడు:
"గడువు మేం పెట్టింది కాదు, కాంగ్రెసు పెట్టింది.
పొడిగించే అధికారం మాకు లేదు."
కాస్త ఆగి, మైకుకు దూరంగా,
"ఉంటే బాగుండునని ఉన్నా."

పసుపు వెలిగించాను.
అప్పుడు ముసలాయన ముందుకు వంగాడు:
"ఆ రోజు అక్కడ వాతావరణం ఎలా ఉందమ్మా?"
ఆ పిల్ల కాగితాలు తిప్పింది,
మళ్లీ మొదటి నుంచి తిప్పింది.
"రికార్డులో లేదు, యువరానర్."

నాకు తెలుసు.
పోయినేడాది జనవరి పదహారు.
ఉప్పు చల్లే లారీలే జారి కాలవలో పడ్డాయి.
ఆ పొద్దున నేను ఈ గదికి
రెండు గంటల పది నిమిషాలు ఆలస్యంగా వచ్చి
"మంచు" అన్నాను.
అంతే.
ఎవరూ కాగితం అడగలేదు.

ఈ గదిలో నాకు దీపాలున్నాయి గాని నోరు లేదు.
ఎరుపు నొక్కాల్సిన క్షణం వచ్చింది, దాటింది.
వేలు మీట మీదే ఉంది.
నలభై సెకన్లు.
దొంగసొమ్ములా ఆ పిల్ల ముందు పోశాను.
ఏం చేసిందనుకున్నారు?
నీళ్లు తాగింది.

జూన్‌లో తీర్పు, ఇద్దరొకవైపు.
పదకొండు పేజీలు, ఎక్కడా కోపం లేదు,
తప్పు పట్టడానికి నాకైతే ఏమీ దొరకలేదు.
వెనక ఆస్ట్రాండర్ అసమ్మతి, నాలుగు పేజీలు,
చివర చీమతల కాయంత అక్షరాల్లో ఒక అధోజ్ఞాపిక:
"మంచు కురిసిందని రికార్డులో లేదు.
కురవలేదని కూడా లేదు."

ఆగస్టులో పెన్సిలు ఉత్తరం వచ్చింది.
ఓడినందుకు ఒక్క మాట లేదు.
"ఆ మూడో ఆయన రాసింది ఇంకో కాపీ పంపగలరా,
పక్క సెల్లువాడు పట్టుకుపోయి ఇవ్వడం లేదు."

పేజీకి యాభై సెంట్లు, నాలుగు పేజీలు.
నా పర్సులోంచి రెండు డాలర్లు తీసి
డబ్బాలో వేసి రశీదు రాశాను.
తేదీ ముద్ర కొట్టాను,
ఆ రోజుదే.