సర్వే నెంబరు లేని మట్టి

సిరొంచ అంగడి దినం.
పోచుబాయి గాజుల చాప ముందు
డోంగ్రే సారు గొంతుకూచుని
జేబుల నుంచి తీసిండు
ఒక నల్లటి గుండీ.
నేను ఆయన జీపు డ్రైవర్ని.
ఆయన మరాఠీని తెలుగు చేసేది గూడ నేనే.

"ఇది గూడ గాజే" అన్నడు.

ఆమె చిటికెన గోటితో కొట్టి
చెవి దగ్గర పెట్టుకుంది.
డజనులో ఒక్కటి నెర్రె వాసినా
చప్పుడుతోనే పట్టే చెవి.
"ఏ కొలిమిది? అంచు సాగింది చూడు,
ఉడుకు మీద ఎవరో ఊదినట్టు."

కొలిమి లేదు.
ఎనిమిది లక్షల ఏండ్ల కింద
తూర్పున ఎక్కడో
ఆకాశం నుంచి ఒక రాయి దిగింది.
వచ్చిన చుట్టం ఆవిరై పోయింది.
ఇంటి నేల మాత్రం, ఇసుక, బంకమన్ను, ఇంత ఇనుము,
రెప్పపాటులో కరిగి
మబ్బులు దాటి చిమ్మింది.
పైన చల్లబడి గట్టిపడి
దిగేటప్పుడు ముఖం మళ్ళా కరిగి
అంచు ఎనకకు పారింది.

"అయితే చుక్క ముక్క కాదా?"

కాదు, మట్టే.
నూటికి డెబ్బై పాళ్ళు ఇసుక సారం.
తడి మాత్రం వీసమెత్తు లేదు,
అగ్గికొండ గాజులో ఉన్నంత గూడ.

తడి అన్న మాటకు ఆమె చెయ్యి ఆగింది.

ప్రాణహిత ఒడ్డున రెండెకరాల మిరప ఆమెది.
మూడేండ్ల నుంచి నది ఎనక్కి తన్ని
మిరప మీద మోకాలెత్తు నీళ్ళు.
సాత్‌బారా కాగితం మీద పేరుంది,
పేరు కింద నేల లేదు.
పొలం చూపించు అంటడు తలాఠీ.
ఆమె నీళ్ళ దిక్కు చెయ్యి చాపుతది.
అక్కడ ఒక కొంగ నిలబడి ఉంటది.

గుండీని అరచేతిలో బోర్లించి అడిగింది:
"మరి ఇది ఎవరి పొలం మన్ను?"

సారు కండ్లద్దాలు తుడుచుకున్నడు.
ఆ గొయ్యి ఇంకా దొరకలేదన్నడు.
లావా కింద పూడిందని ఒకరు,
సముద్రం మింగిందని ఒకరు.
తెలుగు చేస్తుంటే
నా నాలుక ఎందుకో బరువైంది.

బిడ్డకని పచ్చ గాజులు డజనున్నర కొన్నడు.
బేరమాడలే.
గుండీ మళ్ళా జేబులోకి పోయింది.

చాప మడుస్తూ ఆమె నాతో అన్నది,
మరాఠీ చెయ్యమని కాదు:

"మబ్బులు దాటి ఎగిరొచ్చినా
దాన్ని మన్నే అంటున్నడు మీ సారు.
నాది ఉన్నకాడనే ఉన్నది కదరా,
తలాఠీ దాన్ని నది అని రాసుకున్నడు."